మూడు దగ్గర ఆగిన రాకెట్!

'పది, తొమ్మిది, ఎనిమిది...' అని అంకెలు వెనక్కి నడుస్తుంటే మనం కుర్చీ అంచుకి వచ్చేస్తాం. ఈ కౌంట్‌డౌన్ ఏ శాస్త్రవేత్త బుర్రలోనో పుట్టిందనుకుంటున్నారా? కాదండీ! రాకెట్టుకి దాన్ని తగిలించిన ఘనత సినిమావాళ్ళదే అంటారు!

జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 1929లో 'ఫ్రావ్ ఇమ్ మోండ్' అనే మూకీ చిత్రం తీశాడు. 'చంద్రుడిలో స్త్రీ' అని అర్థం. ఒకటి, రెండు అని ముందుకి లెక్కపెడితే ఎక్కడ ఆగాలో ప్రేక్షకుడికి తెలీదు. వెనక్కి లెక్కపెడితే అందరికీ తెలుసు! అందుకే తెరమీద అంకెలు తగ్గించుకుంటూ పోయాడు. సస్పెన్స్ అదిరింది. రాకెట్ శాస్త్రవేత్త హెర్మన్ ఓబెర్త్ ఆ చిత్రానికి సలహాదారు. ప్రచారం కోసం నిజం రాకెట్టే తయారుచేయబోతే పేలుడు జరిగి ఆయన గాయపడ్డాడు. సినిమా విడుదలైంది గానీ, రాకెట్ ఎగరలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మొన్న ఆదివారం నలుగురు మిత్రులం కోతలైపోయిన పొలంలో రాకెట్లు ఎగరేశాం. మందుగుండు కాదు లెండి, నీళ్ళ రాకెట్లు! రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా, దానికి అట్టముక్కల రెక్కలు. మూడోవంతు నీళ్ళు పోసి, బిరడా బిగించి, సైకిలు పంపుతో గాలి కొట్టడం. దూరం నుంచి తాడు లాగితే క్లిప్పు ఊడి, నీళ్ళు కిందికి, సీసా పైకి! మా ఫిజిక్స్ లెక్చరర్ మిత్రుడు న్యూటన్ మూడో సూత్రం చెప్పబోయాడు గానీ ఎవరూ విన్లేదు.

మొదటి రెండూ తాటిచెట్లు దాటాయి. మూడోదానికి లెక్క మొదలైంది. 'ఐదు, నాలుగు, మూడు...' అంతలో మేకపిల్ల వెంట ఒక కుర్రాడు గట్టు దిగి సరాసరి రాకెట్ వైపే పరిగెత్తుకొచ్చాడు!

"ఆపండి!" అని అరిచాడు లెక్చరర్. తాడు పట్టుకున్నవాడు దాన్ని వదిలేసి చేతులు పైకెత్తేశాడు. గాలి కూరిన సీసా మొహానికి తగిలితే కన్నుపోయేది. మాకు కాసేపు మాట రాలేదు.

తర్వాతి లెక్క ఆ కుర్రాడికే అప్పజెప్పాం. వాడూ హుషారుగా పది నుంచి దిగుతూ వచ్చి రెండు దగ్గర ఠక్కున ఆపేశాడు.

"ఏమైందిరా?"

"మళ్ళీ మేకొచ్చింది సార్!"

వాడికి కౌంట్‌డౌన్ అర్థమైపోయింది. అది ఎగరేయడానికే కాదు, ఆపడానికి కూడా!

2019 జూలై 15 తెల్లవారుజామున శ్రీహరికోటలో జరిగిందీ అదేగా! చంద్రయాన్-2 బయల్దేరడానికి 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా సాంకేతిక లోపం కనిపించి ఆపేశారు. దేశమంతా నిద్ర మానుకుని చూస్తున్న రాత్రి అది. అయినా ఆపారు. జూలై 22న నిక్షేపంగా ఎగిరింది.

మన సినిమాల్లో మాత్రం లెక్క ఆగాలంటే బాంబే ఉండాలి, ఒక్క సెకను మిగలాలి, హీరోగారు వైరు కత్తిరించాలి! రాకెట్ సినిమా తీసే దర్శకులకి నాదో మనవి. ఒక్కసారి మూడు దగ్గర ఆపి చూపించండి. సస్పెన్స్ ఎక్కడికీ పోదు, నాదీ పూచీ!