ఓడలో మేకలు, బస్సులో నాన్నమ్మ

ముందు ఒక లెక్క. ఒక ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఆ ఓడ కెప్టెన్ వయసెంత?

ఇది నేను కనిపెట్టిన జోక్ కాదు. 1970ల చివర్లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గణిత బోధన మీద పనిచేసే పరిశోధకులు ఇలాంటి లెక్కని ప్రైమరీ పిల్లలకి నిజంగానే ఇచ్చారు. 97 మందిలో 76 మంది ఇచ్చిన అంకెలతోనే ఏదో ఒకటి చేసి జవాబు రాసేశారు. మేకలకీ కెప్టెన్ వయసుకీ ఏంటి సంబంధం అని వాళ్లు అడగలేదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో నేను ఇదే లెక్క మా పిన్ని కొడుకుని అడిగాను. వాడు మూడో తరగతి, నాలాగే ఇంగ్లీష్ మీడియం. కాసేపు ఆలోచించి "36" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఎలా వచ్చిందిరా అని అడిగితే వాడు చాలా సీరియస్‌గా చెప్పాడు: "తీసేస్తే 16 వస్తది అన్నా, అంత చిన్నోడికి ఓడ ఇవ్వరు. గుణిస్తే 260, అంతకాలం ఎవరూ బతకరు. కలిపితే 36. అదైతే సరిపోద్ది."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. వాడి బుర్ర బ్రహ్మాండంగా పనిచేస్తోంది. మూడు జవాబులు వేసుకుని, లోకంలో ఏది కుదురుతుందో చూసి, మిగతా రెండూ కొట్టేశాడు. కాకపోతే పుస్తకంలో లెక్క ఇచ్చారంటే జవాబు ఉండి తీరుతుందని, ఇచ్చిన అంకెలన్నీ వాడి తీరాలని ఎవరో వాడికి గట్టిగా నేర్పేశారు. ఆ ఎవరో ఎవరయ్యా అంటే, నేనే.

దసరాకి ఇంటికెళ్లినప్పుడు పిన్ని వాడి డైరీ చూపించింది. "వర్డ్ ప్రాబ్లమ్స్‌లో వీక్" అని ఎర్ర ఇంకుతో రాసుంది. కూడికలు, తీసివేతలు విడిగా ఇస్తే టకటకా చేసేస్తాడు. నాలుగు వాక్యాల్లో పెట్టి ఇస్తే పెన్సిల్ కొరుక్కుంటూ కూర్చుంటాడు. "వీడికి మ్యాథ్స్ రాదురా, ట్యూషన్‌లో వేసేద్దామా" అని పిన్ని వాడి ముందే అంది. నేను హీరోలాగా రంగంలోకి దిగి ఒక చార్ట్ రాసి గోడకి అంటించాను. ఆల్‌టుగెదర్, మోర్ ఉంటే కూడిక. లెఫ్ట్, లెస్ ఉంటే తీసివేత. ఈచ్ ఉంటే గుణకారం. షేర్ ఉంటే భాగహారం. నా స్కూల్లో నాకు నేర్పిందీ ఇదే. రెండు రోజుల్లో వాడి మార్కులు పెరిగాయి, పిన్ని నాకు గారెలు వండిపెట్టింది.

తర్వాతి నెల వాడి టెస్టులో ఒక లెక్క వచ్చింది. రాము దగ్గర 12 గోళీలు ఉన్నాయి, సోము దగ్గర ఉన్నవాటి కంటే అవి 5 ఎక్కువ, సోము దగ్గర ఎన్ని? ఇంగ్లీషులో 'మోర్' అని ఉంది కాబట్టి మనవాడు కలిపి 17 వేశాడు. రాము దగ్గరే ఎక్కువున్నాయని ప్రశ్నే చెబుతుంటే, సోముకి 17 ఎలా వస్తాయి? కానీ వాడు అసలు రామునీ సోమునీ చూడనే లేదు. రెండు అంకెలు, ఒక మాట, అంతే చూశాడు. చూడక్కర్లేదని చార్ట్ మీద రాసిచ్చింది నేనే కదా.

మనల్ని మనం కూడా చూసుకుందాం. కిందటి సెమిస్టర్ ల్యాబ్ ఇంటర్నల్‌లో ప్రశ్నలో 'సార్టెడ్' అన్న మాట కనపడగానే నేను బైనరీ సెర్చ్ రాసేశాను. అడిగింది ఆ ఎర్రే సార్టెడ్‌గా ఉందో లేదో చెప్పమని. 20కి 4 వచ్చాయి. లీట్‌కోడ్‌లో సబ్‌ఎర్రే అంటే స్లైడింగ్ విండో, షార్టెస్ట్ అంటే బీఎఫ్ఎస్ అని బట్టీ కొడుతున్న మనందరి గోడ మీదా ఆ చార్ట్ ఉంది. మూడో తరగతిలో అంటించింది ఇంకా ఊడలేదు, అంతే.

సరే, సంక్రాంతికి వద్దాం. 36 విన్నాక ఆ చార్ట్ చింపేశాను. దాని బదులు ఏం చెయ్యాలో మాత్రం తెలీలేదు. వాడే "బస్సాట ఆడదాం అన్నా" అన్నాడు. డైనింగ్ టేబుల్ కుర్చీలు ఆరు తెచ్చి హాల్లో రెండు వరసలు వేశాం. ఒంగోలు నుంచి అద్దంకి, వయా మేదరమెట్ల. వాడు కండక్టరు. మెడలో మా చెల్లి హ్యాండ్‌బ్యాగు, చేతిలో పాత నోట్‌బుక్ కాగితాలతో చేసిన టికెట్లు, నోట్లు. ఛార్జీలు కూడా వాడే పెట్టాడు, మేదరమెట్లకి 15, అద్దంకికి 35.

ప్యాసింజర్లు ఎనిమిది మంది. నాన్నమ్మ, పిన్ని, నేను, ఒక టెడ్డీ, మూడు దిండ్లు, ఒక క్రికెట్ బ్యాటు. నేను మెల్లగా లెక్క దూర్చాను. "కండక్టర్ గారూ, సీట్లు ఆరే. ఎనిమిది మందికి ఎన్ని బస్సులు కావాలి?" పుస్తకం జవాబు రెండు. వాడు నన్ను అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు. "ఒకటే చాలు. బ్యాటు నిలబడుద్ది. చిన్న దిండు నాన్నమ్మ ఒళ్లో కూర్చుంటది, దానికి టికెట్ కూడా లేదు." నిలబడటం కుదరదు, ఒళ్లో కూర్చోటం కుదరదు అన్నాను. "అట్లయితే రెండు. కానీ రెండో దాంట్లో ఇద్దరే ఉంటారు, డీజిల్ దండగ." భాగహారంలో శేషం అంటే ఏంటో నేను వాడికి అంతకుముందు గంటసేపు చెప్పి ఓడిపోయాను. డీజిల్ దండగ అన్నప్పుడు వాడికది కళ్ల ముందు కనపడుతోంది.

అసలు మజా చిల్లర దగ్గర మొదలైంది. నాన్నమ్మ అద్దంకికి టికెట్ తీసుకుని 50 ఇచ్చింది. బ్యాగులో చిల్లర లేదు. నిజం కండక్టర్లు చేసినట్టే వాడు టికెట్ వెనక 15 అని రాసి "దిగేటప్పుడు తీసుకో" అన్నాడు. నేను మేదరమెట్లకి 50 ఇచ్చాను. నా టికెట్ వెనక 35 రాశాడు. రెండు అడుగులు వేసి ఆగిపోయాడు. వెనక్కొచ్చి నా చేతిలో ఒక 50 నోటు పెట్టి, "మీ ఇద్దరికీ కలిపి ఇది. నువ్వు నాన్నమ్మకి 15 ఇచ్చి దిగు" అన్నాడు.

బస్సుల్లో తిరిగేవాళ్లకి ఈ సీన్ కొత్త కాదు. ముక్కూ మొహం తెలియని ఇద్దరికి ఒక నోటిచ్చి "మీరూ మీరూ చూసుకోండి" అని వెళ్లిపోవడం మనందరికీ తెలుసు. కానీ దాన్ని వాడికి ఎవరూ లెక్కగా చెప్పలేదు. రెండు తీసివేతలు, ఒక కూడిక, మళ్లీ ఎవరి వాటా ఎంతో విడదీయడం, ఇంత పనిని 'వర్డ్ ప్రాబ్లమ్స్‌లో వీక్' అన్న పిల్లాడు నిలబడి చేశాడు. గోడ మీద చార్టూ లేదు, ఆల్‌టుగెదర్ అన్న మాటా లేదు.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వర్డ్ ప్రాబ్లం దగ్గర పిల్లలు ఆగిపోయేది చాలాసార్లు లెక్క రాక కాదు, ఆ కథలోకి వాళ్లని ఎవరూ రానివ్వక. మనం కథని తొక్కలాగా ఒలిచేసి అంకెలు తీసుకోమని నేర్పుతున్నాం. ఆట దీన్ని తిరగేస్తుంది. ఆటలో ముందు కథలోకి వెళ్లాలి, లెక్క ఆ కథకి అవసరమై పుడుతుంది.

అలాగని బొమ్మలేస్తే ఆటయిపోదు. ఇప్పుడు యాప్‌లలో, వర్క్‌షీట్లలో అంతా థీమ్‌ల మయం. బాహుబలి దగ్గర 24 బాణాలు, 9 వేశాడు, ఎన్ని మిగిలాయి? బాహుబలిని తీసేసి అరటిపళ్లు పెట్టినా జవాబు మారదు. అక్కడ బాహుబలి స్టిక్కర్ మాత్రమే. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: కథ మారితే జవాబు మారుతుందా? నిలబడొచ్చంటే ఒక బస్సు, కూడదంటే రెండు. అలా మారితేనే పిల్లలు కథని చదవక తప్పదు.

ఇదేం కొత్త ఫారిన్ ఐడియా కూడా కాదు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రాసిన లీలావతిలో తుమ్మెదలు, హంసలు, పాముని పట్టబోయే నెమలి ఉంటాయి. మన తెలుగులో పావులూరి మల్లన దాదాపు వెయ్యేళ్ల కిందటే మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కకీ కవిత్వానికీ మధ్య గోడ కట్టింది వాళ్లు కాదు.

మా రూమ్మేట్‌కి ఇదంతా చెప్తే "ఆట బాగుంది, ఎగ్జామ్‌లో బస్సు రాదుగా" అన్నాడు. న్యాయమైన మాటే. 2025లో నేచర్ పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం ప్రచురించిన అధ్యయనం చూడండి. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలు బేరాల్లో కష్టమైన లెక్కలు నోటితో చేసేస్తారు. అంతకంటే తేలికైన లెక్క బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. మార్కెట్ పని చేయని బడిపిల్లలది సరిగ్గా దీనికి తిరగబడ్డ కథ. అంటే ఆట దానంతటదే పరీక్షలోకి నడిచి రాదు. మధ్యలో ఒక వంతెన కట్టాలి.

ఆ వంతెన నాకు ఇలా దొరికింది. ఆట అయ్యాక "ఇప్పుడు జరిగింది నీ ఫ్రెండ్‌కి లెక్కగా రాసివ్వు" అన్నాను. ముందు తెలుగులో చెప్పాడు. తర్వాత ఇద్దరం కూర్చుని ఇంగ్లీషులోకి మార్చాం. 'కంటే ఎక్కువ' అన్నది 'మోర్ దేన్' అయ్యేటప్పుడు పేర్లు ఏ వరసలో వస్తాయో అప్పుడు చూశాడు. ఆ తర్వాతే పుస్తకం తెరిచాం. రాము, సోము లెక్క మళ్లీ ఇచ్చాను. "రాము దగ్గరే ఎక్కువున్నాయి కదా అన్నా" అని గొణిగి 7 వేశాడు. ఒక్క పిల్లాడితో నాలుగు రోజులు ఆడినంత మాత్రాన సిద్ధాంతం అయిపోదు, నాకు తెలుసు. వాడు తర్వాతి టెస్టులో రెండు లెక్కలు తప్పాడు కూడా. కానీ పెన్సిల్ కొరకడం తగ్గిందని, లెక్క చదివాక "ఇది జరగదు" అని పుస్తకంతోనే గొడవ పెట్టుకుంటున్నాడని పిన్ని ఫోన్‌లో చెప్పింది. ట్యూషన్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తట్లేదు.

ఇదంతా మన తెలుగు క్లబ్ పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, మన కాలేజీ ఎన్ఎస్ఎస్ వాళ్లం శనివారాలు పక్క ఊరి బడికి వెళ్తున్నాం. ఎక్కాలు అప్పజెప్పించుకుని, చాక్లెట్లిచ్చి, ఫొటో దిగి వచ్చేస్తున్నాం. అక్కడి పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. వంతెన సగం కట్టే ఉంది. కావలసింది కోడింగ్ వచ్చినవాళ్లు కాదు, కథ కట్టడం వచ్చినవాళ్లు. పెళ్లి భోజనాల్లో ఎన్ని బంతులు వెయ్యాలి, కిరాణా కొట్టులో అప్పు పుస్తకం ఎలా రాయాలి, చివరి ఓవర్‌లో ఎన్ని కొట్టాలి, ఇవన్నీ మీకొచ్చు. ఆడిన తర్వాత పిల్లల చేతే లెక్క రాయించే ఓపిక ఉంటే చాలు.

వచ్చే శనివారం కుర్చీలు నేను సర్దుతాను. కండక్టర్లు పిల్లలే, ప్యాసింజర్లు కావాలి. చిల్లర మాత్రం తేవద్దు, అందరూ 50 నోట్లే తెండి.