దాసీ వేషము



నవ్వుచు చదువ మొదలిడి, నవ్వినందులకు మనసు నొచ్చుకొని ముగించిన నాటక మొకటి యీ నెల మా చేతికి వచ్చినది. దాని పేరు ‘బై ది వే, మీట్ వెరా స్టార్క్’. అమెరికా రచయిత్రి లిన్ నాటేజ్ గారు రచించిన యీ హాస్యనాటకము 2011వ సంవత్సరమున న్యూయార్కు నగరమున ప్రదర్శింపబడినది. నాటకరచనకు పులిట్జర్ బహుమానమును రెండు మారులు, 2009లోను 2017లోను, పొందిన మొదటి స్త్రీ యీమెయే.

కథాకాలము 1933, కథాస్థలము హాలివుడ్. వెరా నల్లజాతి యువతి. నటనయందు నేర్పరి. కాని బ్రతుకుతెరువునకై, తెల్లజాతి తారగా పేరొందిన గ్లోరియా యింట దాసియై యున్నది. ఒక మిశ్రజాతి స్త్రీ కథను చిత్రముగా తీయనున్నారు. ఆ నాయిక వేషమునకు గ్లోరియా ప్రయత్నము. ఆ నాయికకు సేవచేయు దాసి వేషమైనను దక్కునా యని వెరా యారాటము!

విందునకు వచ్చిన దర్శకుడు, కష్టములు పడిన ముఖములే తనకు కావలెననును. వడ్డన చేయుచున్న వెరాయు, ఆమె చెలి లాటీయు ఆ మాట చెవిని బడినంతనే నడుములు వంచి దీనురాండ్రై పోవుదురు. మరియొక చెలి తాను బ్రెజిల్ దేశస్థురాలనని చెప్పుకొని తిరుగును. ఇచ్చట నవ్వు ఆగదు. తమ నిజరూపమునకు విలువ లేనిచోట వారికి మిగిలిన విద్య యిదియే యని తెలిసినపుడు ఆ నవ్వు నిలువదు.

ఇది వట్టి కల్పన కాదు. ‘బేబీ ఫేస్’ అను 1933 నాటి చిత్రమున థెరిసా హారిస్ అను నల్లజాతి నటి కనబరచిన ప్రతిభయే దీనికి ప్రేరణ. హాటీ మెక్‌డేనియల్ ‘గాన్ విత్ ది విండ్’ చిత్రములోని దాసి వేషమునకు 1940లో ఆస్కారు బహుమానమందెను. నల్లజాతివారిలో ఆ గౌరవము మొదట నామెకే దక్కినది. అయినను ఆ రాత్రి నామెను తోడి నటులతో గాక, గోడప్రక్క వేరొక బల్లయొద్ద కూర్చుండబెట్టిరి.

నాటకపు ఉత్తరార్ధమున 2003వ సంవత్సరపు పండితులు సభ చేసి, వెరా ఆ వేషము వేసి తన జాతిని తక్కువ చేసెనా, వేషమునందే తన తెలివిని నిలుపుకొనెనా యని వాదింతురు. చెప్పుటకు వెరా మాత్రము అచ్చట లేదు. మన సంస్కృతనాటకములందును రాజునకు సంస్కృతమును, రాణికిని దాసికిని సాధారణముగా ప్రాకృతమును విధించిరి. పలుకు నేర్పును బట్టి గాక, పుట్టుకను బట్టి పాత్రకు పలుకు నిచ్చుట ప్రాతమాటయే. నేరము వేషము వేసినదానిది కాదు, వేరొక వేషము నీయనివారిది యని మా యభిప్రాయము.

ఇకమీద చలనచిత్రము చూచునపుడు, పళ్ళెముతో వచ్చి మాటలేక మరలిపోవు స్త్రీని గూడ ఒకమారు గమనింపుడు. తరచుగా నామెకు పేరైనను పెట్టియుండరు. మన యింట అంట్లు తోమి పోవు నామె పేరు మన పిల్లలకు తెలియునా? ఈ రాత్రి యడిగి చూతము.