నర్సుల జీతము - జీవనవ్యయము

పొలము కొనువాడు ఎకరమునకెన్ని బస్తాలు పండునని మాత్రమే విచారించి ఊరకుండడు. సార్వాకు నీరందునా, మురుగు పోవునా, కూలి యెంత, ఎరువెంత, శిస్తు ఎంత యని కనుగొని, అన్నియు పోగా చేతికి మిగులునదెంతయో తేల్చుకొని, పిమ్మట బయానా యిచ్చును. కృష్ణా డెల్టా రైతునకీ లెక్క యొకరు నేర్పనక్కరలేదు. ఐనను ఆ రైతే, తన కుమార్తె నర్సింగు పరీక్షయందు కృతార్థురాలై దూరపట్టణమునుండి ఉద్యోగపు పిలుపు వచ్చినపుడు, జీతపుటంకె నొక్కదానినే చూచి ప్రయాణమునకు ముహూర్తము పెట్టించుచున్నాడు. పొలము విషయమున చూపు వివేకమును బిడ్డ బ్రతుకు విషయమున నేల చూపరాదు?

బందరు, గుడివాడ, దివిసీమలనుండి నర్సులు విజయవాడకును, హైదరాబాదునకును, చెన్నపట్టణమునకును, గల్ఫు దేశములకును, ఇంగ్లండునకును పోవుటను మేము తప్పుపట్టుట లేదు. విద్య నేర్చినవారు మెరుగైన జీవనమును కోరుట సహజము. పెద్ద వైద్యశాలలో నలవడు నేర్పు ఒక్కొక్కప్పుడు జీతము కంటెను విలువైనది. పోవుటకు ముందు లెక్క చూచుకొనవలెననియే మా మనవి.

రూపాయ యన్నిచోట్ల నొక్క విలువ గలది కాదని ప్రభుత్వమే యంగీకరించినది. 7వ కేంద్ర వేతన సంఘపు సిఫారసుల ననుసరించి కేంద్ర వైద్యశాలలలో నర్సింగ్ ఆఫీసరు మూలవేతనము 44,900 రూపాయలతో నారంభమగును. 2024 జనవరి నుండి దీనిపై ఇంటియద్దె భత్యము హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు వంటి మహానగరములలో నూటికి 30. విజయవాడ, గుంటూరులలో 20. జాబితాకెక్కని చిన్న పట్టణములలో 10 వంతున నిర్ణయింపబడినది. అనగా వరుసగా 13,470, 8,980, 4,490 రూపాయలు. ఒకే పనికి, ఒకే హోదాకు, ఊరు మారిన మాత్రమున నెలకు 8,980 రూపాయల భేదము! ఇంగ్లండులోను ఇట్లే. అచటి జాతీయ ఆరోగ్య సేవయందు 2025-26లో కొత్త నర్సు సాలు జీతము 31,049 పౌండ్లు. లండను నడిబొడ్డున పనిచేయువారికి దానిపై నూటికి 20 వంతులు చేర్చి యిత్తురు. సర్కారు కొలువున నున్నవారికీ మెట్లు కలవు. ప్రైవేటు వైద్యశాలలో చేరువారు తమ మెట్లు తామే లెక్కించుకొనవలెను.

ఉదాహరణార్థమొక లెక్క వేయుదము. బందరులో నింటినుండియే పనికి పోవు నర్సునకు 20,000 రూపాయలు, హైదరాబాదులో 28,000 రూపాయలు జీతమనుకొందము. అచట వసతికిని భోజనమునకును 8,000, రాకపోకలకు 1,500, ఇంటికి వచ్చిపోవుటకును చిల్లర ఖర్చులకును 2,500 పోయినచో మిగులునది 16,000. ఇచట ఇంటిఖర్చులో పాలు 3,500, బస్సునకు 1,000 పోయినచో మిగులునది 15,500. ఎనిమిది వేల యాధిక్యము ఐదువందలకు దిగినది!

ఈ లెక్క అందరి కొక్కటే యని మేమనుట లేదు. గుడివాడ పిల్ల యింటనే యుండి రైలుపై విజయవాడకు పోయి రాగలదు. ఆమెకు పట్టణపు జీతము, ఇంటిఖర్చు రెండును కలిసివచ్చును. నాగాయలంక పిల్లకు బందరు సయితము పరస్థలమే. రాత్రి పని ముగించి తిరిగి పోవుటకు ఆమెకు బస్సు దొరకదు. గది యద్దెకు తీసికొనక తప్పదు. ఆమెకు బందరులో మిగులు తగ్గి హైదరాబాదే మేలు కావచ్చును. కావున పొరుగింటి పిల్ల పోయినదని మనపిల్లను పంపరాదు. పొరుగింటి పిల్ల నిలిచినదని మనపిల్లను ఆపరాదు.

విదేశయానము మాటలో మరియొక పద్దు చేరును. అది అప్పు. దళారి చేతిలో పోయుటకై ఎకరము కుదువ పెట్టినచో, తొలి సంవత్సరముల జీతము వడ్డీకే చెల్లును. 2015లో కేంద్ర ప్రభుత్వము గల్ఫు మొదలగు దేశములకు నర్సులను ప్రభుత్వ సంస్థల ద్వారా పంపవలెనని కట్టడి చేయుటకు ఈ దోపిడియే కారణము. మన రాష్ట్రమున ఓంక్యాప్ అను సంస్థ యిందులకు కలదు. దానిని విచారింపక ఎవరికిని పైకమీయరాదు. అసలు యోగ్యతాపత్రములను ఎవరి చేతను పెట్టరాదు.

ఇంతవరకు తల్లిదండ్రులకు చెప్పితిమి. వైద్యశాలల యజమానులకు చెప్పవలసినదియు కలదు. వీరిలో పెక్కురు మన పాఠకుల బంధుమిత్రులే. 2016 జనవరి 29న సుప్రీంకోర్టు ప్రైవేటు నర్సుల దుస్థితిని గమనించి సంఘమును నియమింప నాజ్ఞాపించినది. ఆ సంఘము 200 పడకలు మించినచోట ప్రభుత్వ నర్సులతో సమానముగను, 100 మించినచోట నూటికి 10కి మించని తగ్గుదలతోను, 50 మించినచోట 25కి మించని తగ్గుదలతోను జీతమీయవలెననియు, అంతకు చిన్నవానిలో 20,000 రూపాయలకు తగ్గరాదనియు సిఫారసు చేసినది. సెలవులు, పని గంటలు, వసతి కూడ ప్రభుత్వ నర్సులకు వలెనే యుండవలెనన్నది. నర్సుల యాందోళనల పిమ్మట కేరళ ప్రభుత్వము 2018 ఏప్రిలులో 20,000 రూపాయలను కనీస వేతనముగా నిర్ణయించి ఉత్తరువు వెలువరించినది. సిఫారసు కాగితముమీద నుండినంత మాత్రమున కడుపు నిండదు. మన రాష్ట్రమునందును ప్రతి వైద్యశాలలో నది అమలగుచున్నదా యని తనిఖీ జరుగవలెను. 2016 నాటి 20,000 నేటి 20,000 కాదనియు గుర్తుంచుకొనవలెను.

జీతము పెంచలేమను చిన్న వైద్యశాలలవారు వసతినైనను కల్పింపవచ్చును గదా! పై లెక్కలో హైదరాబాదు జీతమును మ్రింగినది వసతియే. బందరులో, అవనిగడ్డలో నర్సులకు భద్రమైన నివాసమును, రాత్రి పనికి వాహనమును ఏర్పరచినచో జీతము పెంచినంత ఫలము. 2023లో బందరునకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చినది. కళాశాల వైద్యులను తయారుచేయును. రోగి ప్రక్కన రేయింబవళ్లు నిలుచువారు నర్సులు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను దివిసీమ మరువలేదు. వేలాది ప్రాణములు పోయినవి, దారులు తెగినవి. అట్టి దినమున రోగికి, బాలింతకు దిక్కు ఆ ఊరనున్న నర్సే కాని హైదరాబాదున నున్న నర్సు కాదు. పోదలచినవారు లెక్క చూచుకొని పోవుదురు గాక. ఉండదలచినవారు ఉండుటవలన నష్టపోకుండునట్లు చూచు బాధ్యత మాత్రము మనది.