నుదుటిపై పచ్చ, పేరుపై మచ్చ

నుదుటివ్రాత బ్రహ్మ వ్రాయునని మన పెద్దలు చెప్పుదురు. కాని నిజముగా సూదితోను మసితోను మనుజుని నుదుట వ్రాసిన ప్రభుత్వము లుండినవి. రోమకులు పాఱిపోయి పట్టువడిన బానిసల మొగములపై అక్షరములు పొడిపించిరి. ఇంగ్లండులో 1547వ సంవత్సరపు శాసనము పనిలేక తిరుగు బీదవాని ఱొమ్మున ‘వి’ అను అక్షరమును కాల్చి వేయ నాజ్ఞాపించెను. 1685 నాటి ఫ్రెంచి శాసనము నెలదినములు పాఱిపోయిన బానిసకు చెవులు కోయించి, భుజమున రాజముద్ర కాల్పించెను. ఈస్టిండియా కంపెనీవారు బంగాళమున 1797 మొదలుకొని, పిదప చెన్నరాజధానియందును, యావజ్జీవ శిక్షితుల నుదుట పేరును నేరమును పచ్చపొడిపించి, 1849లో ఆ పద్ధతిని మానుకొనిరి.

ముద్రను మానిరేకాని ముద్రవేయు బుద్ధిని మానలేదు. 1871లో నేరస్థజాతుల చట్టము పుట్టెను. 1911లో అది చెన్నరాజధానికిని వచ్చెను. కంపెనీవారి పచ్చకు ముందు విచారణయైన నుండెను, తీర్పైన నుండెను. ఈ చట్టమునకు ఆ రెండును అక్కఱలేదు. తల్లి కడుపున పడుటయే నేరము.

ఎఱుకలవా రెవరు? గాడిదలపైనను ఎద్దులపైనను ఉప్పును ధాన్యమును తీరమునుండి లోనాడులకు మోసి బ్రతికినవారు. ఉప్పు సర్కారు గుత్తయయ్యెను. రైలుబండి బరువు లెత్తుకొనెను. బ్రతుకుదెరువు పోయినవానిని దొర అనుమానితుడని చిట్టా కెక్కించి, వ్రేలిముద్రలు తీసి, హాజరు చెప్పించుకొనెను. ఉదయగిరి, ఆత్మకూరు, సీతారామపురము ప్రాంతముల చదువరులకు కావలి దూరదేశము కాదు. అచ్చట అమెరికను బాప్టిస్టు మిషనువారి ఆజమాయిషీలో ఇట్టి సెటిలుమెంటు నడచెను. సాల్వేషను ఆర్మీవారు స్టూవర్టుపురమున మఱియొకటి నడపిరి. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేఱుచేయుటకును ఆ చట్టము అధికార మిచ్చెను.

నెల్లూరివారగు వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల, ఎఱుకల సేవకే జీవితము ధారవోసిరి. చట్టము చెన్నరాజధానిలో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31న రద్దయ్యెను. అయినను అలవాటు నేరస్థుల చట్టములు దాని నీడగా నిలిచినవి. కారాగారపు చిట్టాలలో కులపు గడిని తీసివేయుడని 2024 అక్టోబరు 3న సుప్రీముకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చెను.

వారిలో దొంగలు లేరా యని అడుగువా రుందురు. ఉందురు, ఏ కులమున లేరు? దొంగను శిక్షించుటకు సామాన్యచట్టము చాలును. ఊర దొంగతనము జరిగిననాడు విచారణకు ముందే మనము ఎవరి గుడిసెవైపు చూచుచున్నాము? స్టూవర్టుపురము పేరు చెప్పి నవ్వుకొనుట మన చలనచిత్రములకును పరిపాటియైనది. ఆ ఊరి బిడ్డ బడిలోను కొలువులోను తన ఊరిపేరు చెప్పుటకు జంకవలసినంతకాలము ముద్ర మాసిపోలేదు.

చర్మముపై పొడిచిన పచ్చ మోసినవానితోనే పోవును. పేరుపై వేసిన మచ్చ బిడ్డలకును సంక్రమించును. దానిని కోర్టులు మాత్రమే తుడువజాలవు. ఇల్లు అద్దె కిచ్చువాడును, పని యిచ్చువాడును, ప్రక్కబల్లపై కూర్చుండువాడును తుడువవలెను. ఆ చేతులు మనవే.