బిడ్డ జబ్బు తల్లికి తెలియవలదా?

పాఠశాలలలో వైద్యపరీక్ష మన దేశమునకు క్రొత్త గాదు. 1909లోనే బరోడా నగరమున జరిగినది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు మన బడులకును వచ్చుచున్నవి. మంచిదే. కాని ఫలితము రిజిస్టరులోనే నిద్రించిన నేమి లాభము? నల్లబల్లమీది అక్షరము కానరాని బిడ్డను ఇంట మందమతి యని దండింతురు. దోషము కన్నులదని తల్లికి చెప్పువారు లేరు!

ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాల్గింట మూడువంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే యుండవలెనని 2009 విద్యాహక్కు చట్టము శాసించినది. వారు చేవ్రాళ్లకు మాత్రమేనా?

మేము కోరునది స్వల్పము. పరీక్ష ముగిసిన వారము దినములలో ప్రతి యింటికిని తెలుగున చీటి పోవలెను. బిడ్డ ఆరోగ్యము, హాజరు, చదువు అందుండవలెను. చదువురాని తల్లికి పంతులుగారే నోట చెప్పవలెను. ఇది భిక్ష కాదు, హక్కు. పఠనాలయమున దీనిని చదువు సోదరులారా, రేపే మీ బడికి పోయి అడుగుడు!