ఫార్మాట్ కొడితే వైఫై వస్తుందా?

‘‘వైఫై రావట్లేదా? ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా, మొత్తం క్లీన్ అయిపోద్ది.’’ లాప్‌టాప్ ఇంకా సంచిలోంచి బయటికి రాకముందే షాపులో తీర్పు వచ్చేస్తుంది. బీటెక్ చదివే మేనల్లుడూ ఇదే అంటాడు, పక్క ఫ్లాటాయనా ఇదే అంటాడు. ఇంతమంది అంటున్నారు కదా అని నమ్మేసి హార్డ్ డిస్క్ అప్పగించేవాళ్లకు కొదవ లేదు. నా మట్టుకు ఇది రిపేరు కిందికి రాదు. తప్పు ఎక్కడుందో వెతికే ఓపిక లేనివాళ్లు కనిపెట్టిన దగ్గరి దారి.

వాళ్ల మాటలో ఉన్న పస ముందే ఒప్పుకుందాం. ఫార్మాట్ తర్వాత వైఫై వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఎందుకొచ్చింది? చాలాసార్లు, విండోస్‌తో పాటు అడాప్టర్ డ్రైవర్ కూడా కొత్తగా పడింది కనుక. ఆ ఒక్క డ్రైవర్‌నే మార్చుకోవచ్చుగా! విండోస్ అప్‌డేట్ తర్వాత మొదలైన తంటా అయితే, డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కితే పాతది తిరిగొస్తుంది. ఆ బటన్ పనిచేయకపోతే లాప్‌టాప్ తయారీ కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ డ్రైవర్ దించుకోండి. ఈపాటి పనికి డిస్క్ మొత్తం తుడిచేయడం ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

పైగా ఏం పోతుందో ఎవరూ చెప్పరు. డీటీపీ చేసుకునే మనిషికి అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మళ్లీ ఎక్కించుకోవడం ఎంత తలనొప్పో ఆయన్నే అడగాలి. ‘‘బ్యాకప్ తీశాం సార్’’ అంటారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ తీస్తారు. సీ డ్రైవ్‌లో ఎక్కడో ఓ మూల ఉన్న టాలీ డేటా ఫోల్డర్ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఇంకో విడ్డూరం: కొత్త కార్డులకు సరిపడే డ్రైవర్ విండోస్ ఇన్‌స్టాలర్‌లో లేకపోవడం మామూలే. అప్పుడు ఫార్మాట్ ముందు అప్పుడప్పుడు వచ్చే వైఫై, ఫార్మాట్ తర్వాత అసలు కనపడనే కనపడదు. డ్రైవర్ దించుకుందామంటే నెట్ లేదు. చివరికి ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోవాల్సిందే. ఆ టెథరింగేదో మొదటే పెట్టుకుంటే సరిపోయేది.

అసలు చూడాల్సినది తెరమీదే ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ విప్పండి. వైఫై పేరు పక్కన పసుపు త్రిభుజమో, కిందికి చూసే బాణం గుర్తో ఉంటే దానిమీద రెండుసార్లు క్లిక్ చేస్తే కోడ్ నంబర్ కనపడుతుంది. బాణంతో వచ్చే 22 అంటే ఎవరో డిజేబుల్ చేశారు, ఎనేబుల్ చేస్తే చాలు. 28 అంటే డ్రైవర్ లేదు. 10 అంటే పరికరం స్టార్ట్ కాలేకపోయింది. ఈ పదో నంబర్‌కి ముందు చేయాల్సింది రీస్టార్ట్. ‘‘రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేశానండీ’’ అంటే లెక్కలోకి రాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉన్నప్పుడు విండోస్ పూర్తిగా ఆగదు. డ్రైవర్ల స్థితిని డిస్క్ మీద దాచుకుని పొద్దున దాన్నే తిరిగి లేపుతుంది, చిక్కుతో సహా. రీస్టార్ట్ కొడితేనే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి.

త్రిభుజం లేదు, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం రాదు. ఇక్కడే ‘‘అడాప్టర్ పోయింది’’ అనేస్తారు. ఆ గీతలు చెప్పేది రౌటర్‌కీ మీ కంప్యూటర్‌కీ మధ్య సంగతి, అవతల ఇంటర్నెట్ ఉందో లేదో వాటికి తెలియదు. ఐపీ అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని, విండోస్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. ఇంట్లో ఫోన్లకూ అదే గతి అయితే మీరు వెళ్లాల్సింది రౌటర్ దగ్గరికి.

‘5జి’ గోల ఒకటి. రౌటర్ పేరు చివర 5జి అని ఉన్న నెట్‌వర్క్ ఫోన్లో కనపడి లాప్‌టాప్‌లో కనపడదు. అది మొబైల్ 5జి కాదు, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్. పాత కార్డులు చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. వందసార్లు ఫార్మాట్ కొట్టినా ఆ కార్డుకు కొత్త రేడియో మొలవదు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టగానే వైఫై నీరసించినా విండోస్‌ను తిట్టకండి. యూఎస్‌బీ 3.0 పరికరాలు, కేబుళ్లు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో రొద పుట్టిస్తాయని 2012లో ఇంటెల్ సంస్థే పత్రం రాసింది. ఆ డిస్క్‌ను దూరంగా జరపండి, లేదా 5 గిగాహెర్ట్జ్‌కు మారండి.

ర్యామ్ వేయించుకొచ్చిన మర్నాటి నుంచి రౌటర్ పక్కన కూర్చుంటేనే వైఫై వస్తోందా? చాలా లాప్‌టాప్‌లలో కార్డుకు నలుపు, తెలుపు సన్నని యాంటెన్నా తీగలు రెండు ఉంటాయి, బుల్లి ప్రెస్ గుండీల్లా పైనుంచి నొక్కి పెట్టేవి. మూత విప్పినవాళ్ల చెయ్యి తగిలి ఒకటి ఊడినా ఇదే లక్షణం. దానికీ ఫార్మాటే చెప్పిన ఘనులున్నారు!

ఇక మిగిలిన అనుమానం తేల్చడానికి ఒక్క పెన్‌డ్రైవ్ చాలు. అందులో ఉబుంటు ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై’ పద్ధతిలో బూట్ చేయండి. మీ ఫైళ్ల జోలికి అది పోదు. అక్కడ వైఫై నిక్షేపంలా నడిస్తే కార్డు బాగున్నట్టే, తప్పు విండోస్‌ది. నడవకపోతే టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కొట్టి జాబితాలో కార్డు పేరుందేమో చూడండి. పేరు కూడా లేకపోతే అనుమానం కార్డు మీదికో స్లాట్ మీదికో పోతుంది. బయోస్‌లో వైర్‌లెస్ ఆపేసి లేదని చూసుకుని, వందల్లో దొరికే యూఎస్‌బీ అడాప్టర్ తగిలిస్తే పని గడుస్తుంది. తప్పు విండోస్‌దే అని తేలినా ముందు సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ రీసెట్’ ఉంది. దాంతో దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లు పోతాయి, ఫైళ్లు పోవు. అదీ ఫలించకపోతే అప్పుడు ఎత్తండి ఫార్మాట్ మాట, నేనూ అడ్డు చెప్పను.