శాతం కాదు, మెట్టు అడుగుదాం

‘లోకల్ కంటెంట్’ అనగానే మన బ్యాచ్‌లో సగం మందికి శ్రీకాకుళం యాసలో వచ్చే రీల్సే గుర్తొస్తాయి. నేను చెప్పబోయేది ఆ కంటెంట్ గురించి కాదు. గనులు, చమురు, పెద్ద ఫ్యాక్టరీల లోకంలో ఈ మాటకి వేరే అర్థం ఉంది. ఒక చోట నేల తవ్వి, అక్కడి నీళ్ళూ గాలీ వాడుకుని వ్యాపారం చేసే కంపెనీ ఆ చోటి మనుషులకి ఎన్ని ఉద్యోగాలివ్వాలి, ఆ చోటి వర్క్‌షాపుల దగ్గర ఎంత సరుకు కొనాలి, వాళ్ళకి ఎంత పని నేర్పాలి అని ప్రభుత్వం పెట్టే నిబంధనలకి ఆ పేరు. ఘనా, నైజీరియా లాంటి ఆఫ్రికా దేశాల్లో ఇది చాలా ఏళ్ళుగా నడుస్తున్న చర్చ. ఎచ్చెర్లలో కూర్చుని చదివితే ఎక్కడిదో దూరపు కథ అనిపిస్తుంది. కానీ మన హైవే మీద రోజూ తిరిగే కంపెనీ షిఫ్టు బస్సులకీ ఆ కథకీ సంబంధం ఉంది.

రణస్థలం దాటి పైడిభీమవరం వైపు వెళ్తే వరసగా మందుల ఫ్యాక్టరీలు కనిపిస్తాయి. చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా వినిపించే మాట ఒకటే: “ఫ్యాక్టరీ మనూరిదే గానీ, లోపల మనోళ్ళేరీ?” ఈ ప్రశ్నకి మన హాస్టల్‌లో రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి, 75 శాతం లోకల్ చట్టాన్ని గట్టిగా అమలు చేస్తే అన్నీ సర్దుకుంటాయని. రెండోది, ఇలాంటి చట్టాలు పెడితే కంపెనీలు పారిపోతాయని. ఇద్దరూ శాతం దగ్గరే ఆగిపోయి కొట్టుకుంటున్నారని నా అభిప్రాయం. అసలు అడగాల్సిన ప్రశ్న ఎంతమంది అని కాదు, ఏ మెట్టు మీద అని.

ముందు మన చట్టం సంగతి చూద్దాం. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టం చేసింది. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలి. అప్పటికే నడుస్తున్న ఫ్యాక్టరీలు మూడేళ్ళలో ఆ లెక్కకి రావాలి. అర్హత ఉన్నవాళ్ళు దొరకలేదంటే, ప్రభుత్వంతో కలిసి శిక్షణ ఇచ్చి తయారు చేసుకోవాలి. వినడానికి బాగుంది. కానీ లెక్క మాత్రం ఫ్యాక్టరీ మొత్తానికి ఒకటే.

ఊరికే ఒక ఉదాహరణ వేసుకుందాం. వెయ్యి మంది పనిచేసే ఫ్యాక్టరీ. ప్యాకింగ్, లోడింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్, హెల్పర్ పనుల్లో 750 మంది మన జిల్లావాళ్ళు. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ నుంచి ప్లాంట్ హెడ్ దాకా, క్వాలిటీ ల్యాబ్ నుంచి మెయింటెనెన్స్ దాకా ఉన్న 250 మందీ బయటివాళ్ళు. చట్టం ప్రకారం ఈ ఫ్యాక్టరీ పాస్. ఊరి ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

హర్యానాలో ఇది ఇంకా బాహాటంగా జరిగింది. 2020లో వాళ్ళు చేసిన 75 శాతం చట్టం అమల్లోకి వచ్చేసరికి, నెలకి 30,000 రూపాయల లోపు జీతం ఉన్న ఉద్యోగాలకే వర్తించింది. అంటే కింది మెట్లు మీవి, పై మెట్ల సంగతి అడక్కండి అని చట్టమే చెప్పినట్టు. చివరికి 2023 నవంబర్‌లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. 2024 జులైలో కర్ణాటక మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగతా వాటిలో 70 శాతం అని బిల్లు తయారుచేసి, ఐటీ కంపెనీలు గొడవ చేసేసరికి పక్కన పెట్టేసింది. అప్పుడు మన ఐటీ మంత్రి ఆ కంపెనీల్ని విశాఖ వచ్చేయండని పిలిచారు. మనకీ 75 శాతం చట్టం ఉందన్న సంగతి ఆ రోజుల్లో చాలామందికి గుర్తుకే రాలేదు. ఎవరూ గుర్తుపెట్టుకోని చట్టం ఎవరికి ఉద్యోగమిస్తుంది?

ఇప్పుడు ఘనా చూడండి. అక్కడ సముద్రంలో జూబిలీ అనే చమురు క్షేత్రం 2007లో బయటపడింది, 2010 డిసెంబర్‌లో చమురు తీయడం మొదలైంది. 2013లో పెట్రోలియం లోకల్ కంటెంట్ నిబంధనలు వచ్చాయి. వాటి వెనక ఒక పట్టిక ఉంది. మనం చూడాల్సింది దాన్నే. మేనేజ్‌మెంట్‌లో ఘనా వాళ్ళు మొదట్లో 30 శాతం ఉండాలి, ఐదేళ్ళకి 50 నుంచి 60, పదేళ్ళకి 70 నుంచి 80. ముఖ్యమైన టెక్నికల్ ఉద్యోగాల్లో మొదట 20 శాతమే, తర్వాత అదే దారిలో పెరగాలి. మిగతా సిబ్బందిలో 80తో మొదలై పదేళ్ళకి నూటికి నూరు. అంటే ప్రతి మెట్టుకీ వేరే లెక్క, ప్రతి లెక్కకీ ఒక గడువు. ఇవాళ మా దగ్గర రిజర్వాయర్ ఇంజనీర్లు లేరు అని ఒప్పుకుంటూనే, పదేళ్ళ తర్వాత కూడా లేరని చెప్పడానికి వీల్లేదని కంపెనీకి చెప్పడం ఇది.

నైజీరియా 2010లో చేసిన చట్టం ఇంకో అడుగు వేసింది. చమురు కంపెనీలో విదేశీయుడు కూర్చున్న ప్రతి కుర్చీ పక్కనా ఒక నైజీరియన్ ఆ పని నేర్చుకుంటూ ఉండాలి. నాలుగేళ్ళు దాటితే ఆ కుర్చీ నైజీరియన్‌దే. చమురు రంగంలో జరిగే ప్రతి కాంట్రాక్టులో ఒక శాతం పక్కకి తీసి, స్థానిక సామర్థ్యం పెంచే నిధిలో వేస్తారు. మన చట్టంలో శిక్షణ అన్న మాట ఉంది, కానీ ఎవరి పక్కన, ఎన్నాళ్ళు, ఏ కుర్చీ కోసం అన్నది లేదు.

ఆఫ్రికాలో అంతా సవ్యంగా ఉందని కాదు. పేరుకి లోకల్ మనిషిని ముందు పెట్టి, వెనక నుంచి బయటి కంపెనీయే నడిపించే బినామీ వ్యవహారాన్ని ఘనా నిబంధనలు నేరంగా ప్రకటించాల్సి వచ్చిందంటేనే ఆ రోగం ఎంత ఉందో తెలుస్తుంది. లోకల్ పేరు మీద లాభం నలుగురు పలుకుబడి ఉన్నవాళ్ళకే పోతుందన్న విమర్శ అక్కడా ఉంది. మన దగ్గర కాంట్రాక్టులు ఎవరికి వెళ్తాయో తెలిసినవాళ్ళకి ఇది కొత్తేం కాదు.

మన జిల్లాకి సంబంధించి ఇంకో సంగతి మర్చిపోకూడదు. వలస అంటే ఏమిటో శ్రీకాకుళానికి ఎవరూ నేర్పక్కర్లేదు. మన మత్స్యకారులు వేటకి గుజరాత్ వెరావల్ దాకా వెళ్తారు. మన వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు గల్ఫ్‌లో చమురు ప్లాంట్లు కడతారు. సౌదీలో 2011లో నితాఖత్ అనే స్థానికుల కోటా తెచ్చి, 2013లో గట్టిగా అమలు చేసినప్పుడు, బయటివాళ్ళంటూ పంపేసిన వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. రేపు మనలో సగం మంది బెంగళూరుకో హైదరాబాదుకో చెన్నైకో వెళ్తాం. ప్రతి రాష్ట్రమూ గేటు మూసేస్తే ముందు బయట నిలబడేది మనమే. అందుకే బయటివాళ్ళని రానివ్వొద్దు అన్న డిమాండు మన నోట రావడం నాకు నచ్చదు. మనం అడగాల్సింది గేటు మూయమని కాదు, లోపల మెట్లు ఎక్కనివ్వమని.

మరి కంపెనీ ఎందుకు ఒప్పుకోవాలి? పెట్టుబడి వాళ్ళది, మెరిట్ చూసి తీసుకుంటారు, తప్పేముంది అని మన క్లాసులోనే అనేవాళ్ళున్నారు. దానికి నా జవాబు: 2011లో మన ఎచ్చెర్ల మండలంలోనే ఒక పురుగుమందుల ఫ్యాక్టరీలో పెద్ద ప్రమాదం జరిగింది. చుట్టుపక్కల ఊళ్ళ జనం ఇళ్ళొదిలి పరుగులు తీశారు. ఉద్యోగాల్లో శాతం గురించి ఎంతసేపైనా వాదించుకోవచ్చు, ప్రమాదం మాత్రం వంద శాతం లోకల్. ఆ ఊళ్ళలో పుట్టిన మనిషి సేఫ్టీ ఆఫీసర్ కుర్చీలో ఉంటే, ఏ వాల్వ్ లీకైతే ఏ వీధికి వాసన వస్తుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. అదీ మెరిట్టే.

పాత పాఠం కూడా ఒకటి ఉంది. మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది పక్కనున్న విజయనగరం ప్రాంతంలోనే, 1890ల మొదట్లో. చీపురుపల్లి, గరివిడి చుట్టుపక్కల గనులవి. అక్కడి కోడూరు పేరు మీద ‘కోడురైట్’ అని ఒక రాయికి పేరు కూడా పెట్టారు. జియాలజీ పుస్తకంలో ఊరి పేరుంది. ఖనిజం మాత్రం దశాబ్దాల పాటు ముడిగానే ఓడలెక్కి వెళ్ళిపోయింది. గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వచ్చాకే, తవ్వడంతో పాటు కరిగించే పని కూడా ఇక్కడివాళ్ళ చేతికొచ్చింది. తవ్వే పని నుంచి కరిగించే పనికి ఎక్కడం కూడా ఒక మెట్టే.

ఇంతకీ మనం ఏం అడగొచ్చు? కొత్త చట్టం కోసం ధర్నా చెయ్యక్కర్లేదు, కోర్టులో నిలబడని చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఒకటి, పట్టిక. ప్రతి పెద్ద ఫ్యాక్టరీ ఏడాదికోసారి మెట్ల వారీగా లెక్క చెప్పాలి: హెల్పర్లు, ఆపరేటర్లు, కెమిస్టులు, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌లు, మేనేజర్లు, వాళ్ళలో జిల్లావాళ్ళు ఎంతమంది అని. ప్రభుత్వం దగ్గర ఏ లెక్కలున్నాయో సమాచార హక్కు చట్టం కింద అడగడానికి పది రూపాయల ఫీజు, ఒక తెల్ల కాగితం చాలు.

రెండు, అప్రెంటిస్‌లు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. 30 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి. ఇందులో ఏ రాష్ట్రంవాడివి అన్న ప్రశ్నే లేదు కాబట్టి రాజ్యాంగంతో పేచీ లేదు. పక్కనే ఉన్న ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు ముందు అడిగితే ముందు దొరుకుతుంది. నైజీరియా చట్టం చెప్పే ‘కుర్చీ పక్కన కూర్చుని నేర్చుకోవడం’ మన చేతిలో ఉన్న ఈ చట్టంతోనే మొదలుపెట్టొచ్చు.

మూడు, గనుల డబ్బు. 2015లో గనుల చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. గని లీజుదారులు రాయల్టీతో పాటు అదనంగా కొంత ఈ నిధిలో కట్టాలి. దాన్ని గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ళకి ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చుల్లో నైపుణ్య శిక్షణ కూడా ఉంది. టెక్కలి గ్రానైట్ క్వారీల పక్క ఊళ్ళో పిల్లలకి రాయి కోసే పని కాక, ఆ మెషీన్ రిపేరు చేసే పని, సర్వే చేసే పని నేర్పడానికి అది పనికిరావాలి.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే కొవ్వాడ ఉంది. రణస్థలం మండలంలో, ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికన్ రియాక్టర్లు పెట్టాలన్నది ప్రణాళిక. ఆ ప్లాంటు రావాలా వద్దా అన్నది వేరే వాదన, అందులో నా స్నేహితులే రెండు వైపులా ఉన్నారు. కానీ వస్తే మాత్రం, భూమి ఇచ్చిన మత్స్యకారుల పిల్లలకి అందులో సెక్యూరిటీ గార్డు ఉద్యోగమా, కంట్రోల్ రూమ్ ఉద్యోగమా అన్నది ప్లాంటు కట్టాక తేలే సంగతి కాదు. అలాంటి ఆపరేటర్ తయారవడానికి ఏళ్ళు పడుతుంది. ఘనా చమురు తీయడం మొదలుపెట్టాక నిబంధనలు రాసుకుంది. మనకి ముందే రాసుకునే అవకాశం ఉంది.

అందాకా మనం చెయ్యగలిగింది చిన్న పనే. ఈసారి క్యాంపస్ డ్రైవ్‌కి ఏ కంపెనీ వచ్చినా, ప్రజెంటేషన్ అయ్యాక “ఎనీ క్వశ్చన్స్?” అని అడుగుతారు కదా. అందరం తలదించుకుని కూర్చోకుండా ఎవరో ఒకరు లేచి అడగండి: “సర్, మీ ప్లాంటులో ఈ జిల్లా నుంచి ట్రైనీగా చేరి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ అయినవాళ్ళు ఎంతమంది ఉన్నారు?” జవాబు రాకపోయినా పర్లేదు. అలా అడుగుతారన్న సంగతి ఆ కంపెనీకి తెలియాలి.